దారికి అడ్డం వేసిన కొమ్మ

సుదర్శనం మాస్టారు తానే గీసిన పటాన్ని పదకొండు మంది పిల్లల ముందు విప్పేసరికి కొండమీద ఎండ ఇంకా పడలేదు. నల్లమల లోపల ఈతమానుపెంట అనే చిన్న గూడెం బడికి శనివారం వస్తే అడవిలోనే పాఠాలు. రాలిన ఆకులతో కూడికలు, మానుల చుట్టుకొలతలు, వాగు ఇసుకలో అక్షరాలు. ఈసారి నిధి వేట. ముందురోజు సాయంత్రమే ఆయన ఒక రేకు పెట్టెలో భూతద్దం, రంగు పెన్సిళ్లు, పల్లీ ఉండలు పెట్టి, గువ్వలగుండు అనే బండ కింది గుహ మూతిలో దాచి వచ్చాడు; అప్పుడు లోపల ఏ అలికిడీ లేదు. పట్నం నుంచి వచ్చి ఏడాది కాలేదు గానీ, అడవి తనకు కొట్టిన పిండి అని ఆయన నమ్మకం.

దాచడానికి పోతున్నప్పుడు వాగు అవతల, దారి చీలే చోట, ఒక పచ్చి తునికి కొమ్మ అడ్డంగా పడి ఉంది. దానిమీద ఒక రాయి. పిల్లల కాళ్లకు తగులుతుందని రాయిని పక్కకు దొర్లించి, కొమ్మను పొదలోకి విసిరేశాడు. మంచిపని చేశానని చేతులు దులుపుకున్నాడు. చదువుకున్న చేతులు కదా, దులుపుకోవడం బాగా వచ్చు.

వేట జోరుగా సాగింది. నల్లమద్ది మాను నుంచి నలభై అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే తొర్రలో మొదటి చీటీ దొరికింది. మోకాలిలోతు వాగును చేయీ చేయీ పట్టుకుని దాటారు. చీలిక దగ్గర, ముందు నడుస్తున్న నాలుగో తరగతి ఈదమ్మ ఆగిపోయింది. పొదలోకి వంగి, వాడిపోయిన కొమ్మను బయటికి లాగింది.

“సారూ, ఇది మా నాయిన నరికిన కొమ్మ. దావకు అడ్డం ఏసి రాయి పెడితే ముందర పోగూడదని. ఎవురు తీసినారో?”

మాస్టారి చెవులు వేడెక్కాయి. నేనే తీశానని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ పదకొండు మంది తన ముఖంలోకే చూస్తున్నారు. గాలికి కొట్టుకుపోయి ఉంటుందిలే, పదండి అన్నాడు. ఈదమ్మ పక్కనున్న రాయి వంక చూసింది. గాలికి రాయి దొర్లదని ఆ పిల్లకు తెలుసు. అయినా సారు మాట కదా అని నడిచింది.

గుహ కనబడగానే ఒకటో తరగతి చిట్టెన్న కేకవేసి ముందుకు దూకాడు. లోపలినుంచి బొంగురు గుర్రు వినబడింది. మరుక్షణం తల్లి ఎలుగుబంటి బయటికి వచ్చి వెనక కాళ్లమీద లేచింది. దాని వెనకాల రెండు కూనలు.

మాస్టారు ముందు అరిచాడు, తర్వాత పరుగెత్తాడు. నాలుగడుగులు వేశాక చెప్పు ఊడింది. అప్పుడు గుర్తొచ్చింది, తన వెనక పిల్లలున్నారని.

తిరిగి చూస్తే పిల్లలెవరూ పరుగెత్తడం లేదు. ఈదమ్మ చిట్టెన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది.

“ఉరకద్దండి. అందరూ ఒకటిగా, మెల్లిగా ఎనక్కి రాండి.”

అందరూ గుంపుగా వెనక్కి జరుగుతూ రెండు బండల మధ్య ఇరుకు సందులోకి దూరారు. మాస్టారు ఒంటి చెప్పుతో వచ్చి సందు మూతికి అడ్డంగా నిలబడ్డాడు. ఎలుగు రెండుసార్లు బుసకొట్టి, రేకు పెట్టెను ఒక్క దెబ్బకు దొర్లించి, కూనల దగ్గరికి మళ్లింది. పిల్లలు మోచేతులు గీరుకుంటూ సందు రెండో కొసనుంచి బయటపడ్డారు. మాస్టారి చొక్కా మాత్రం బండకే మిగిలింది.

పెంటకు చేరేసరికి ముందు నడిచిన పిల్లల నోట కబురు అందిపోయింది. పెద్దలు ఈదమ్మ తండ్రి బయ్యన్నను నిలబెట్టి అడుగుతున్నారు. ఎలుగును చూసినవాడివి కొమ్మ ఎందుకు వేయలేదని. ఆ పెంటలో తేనె తీసేవాడు కొండచరియమీద తాడుకు వేలాడతాడు. పైన తాడు పట్టేది బయ్యన్నే; ఆ పని చేసేవాడు నమ్మకస్తుడై ఉండాలి. కొమ్మ వేయడం మరిచినవాడి చేతికి ఆ పెంటలో ఎవరూ తాడు ఇవ్వరు. వేశానని బయ్యన్న అంటున్నాడు గానీ, ఆ గొంతులో తనమీద తనకే అనుమానం వచ్చేసింది. ఈదమ్మ వాడిన కొమ్మను పట్టుకుని మాస్టారి వంక చూసింది.

భూమి చీలితే బాగుండునని అనిపించింది మాస్టారికి. చీలలేదు.

“కొమ్మ తీసింది నేను,” అన్నాడు.

బయ్యన్నే ఆయనకు ఆసరా ఇవ్వబోయాడు.

“తెలీక తీసింటావులే సారూ.”

“తీసినప్పుడు తెలియదు. నీ కూతురు అడిగినప్పుడు తెలిసింది. అప్పుడూ చెప్పలేదు. పిల్లల్ని అలాగే నడిపించాను. ఎలుగు లేస్తే వాళ్లను వదిలి పరుగెత్తాను.”

పెద్దలు తలలు దించుకున్నారు. ఆయన సిగ్గును చూడటం వాళ్లకే సిగ్గయింది.

మధ్యాహ్నం బయ్యన్న, మాస్టారు, ఈదమ్మ మళ్లీ ఆ చీలిక దగ్గరికి పోయారు. పెట్టె ఊసు ఎవరూ ఎత్తలేదు. బయ్యన్న పచ్చి కొమ్మ నరికి మాస్టారి చేతికిచ్చాడు. ఆయన వంగి దారికి అడ్డంగా వేసి, రాయి ఎత్తి మీద పెట్టాడు. ఈదమ్మ దగ్గరికి వచ్చి చూసింది.

“నరికిన కొస గుహ పక్కకి ఉండాల సారూ. మళ్లా పెట్టు.”

మాస్టారు రాయి తీసి, కొమ్మ తిప్పి, మళ్లీ పెట్టాడు.