చివరి రీలు ముందే

"ఇంకో రెండు మెట్లు తాతయ్యా. ఆ, వచ్చేశాం! హెచ్ వరస, పద్నాలుగు, పదిహేను."

కామెంటరీ తన తాతయ్య చేయి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టింది. ఈ పిల్లకి ఆ పేరు పెట్టింది క్లాసులో పిల్లలు. ఎదురుగా ఏం జరుగుతున్నా గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంటుంది మరి. వయసు పదేళ్ళు. సినిమా సూపర్‌హీరో ఉక్కురెక్క అంటే చెవి కోసుకుంటుంది. ఆ సినిమాలు ఇప్పటిదాకా మూడు వచ్చాయి. ఒక్కొక్కటీ ఐదేసిసార్లు చూసింది. ఉక్కురెక్క గురించి తెలియనివాళ్ళు అసలు స్కూలుకి ఎందుకొస్తారో కామెంటరీకి అర్థం కాదు.

నాలుగోది ఈ రోజే విడుదలైంది. పేరు 'రెక్కలు రాకముందు'. వీళ్ళిద్దరూ మ్యాట్నీకి వచ్చారు.

"ఇది ప్రీక్వెల్ తాతయ్యా. ఉక్కురెక్క ఇంకా ఉక్కురెక్క కానప్పటి కథ."

"వెనకాల తీసిన ముందు కథన్నమాట," అని నవ్వాడు తాతయ్య.

తాతయ్య ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటర్. మెషిన్ రూములో నిలబడి ముప్పై ఏళ్ళు సినిమాలు వేశాడు. రెండేళ్ళుగా ఆయనకి చూపు బాగా తగ్గిపోయింది. తెర మీద వెలుగు తప్ప బొమ్మ తెలియదు. అప్పటినుంచి హాలు గడప తొక్కలేదు. "నేనుండగా నీకు కళ్ళెందుకు? ఒక్కో సీనూ నేను చెబుతాగా!" అని మనవరాలే మాటిచ్చి లాక్కొచ్చింది. పెద్దాయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు.

సినిమా మొదలైంది. కామెంటరీ కూడా ఆయన చెవి దగ్గర మొదలుపెట్టింది.

"వాచీలు బాగుచేసే షాపు. ఒకమ్మాయి స్టూలెక్కి గోడగడియారం విప్పుతోంది. తనే ఉక్కురెక్క!"

"ఆ దగ్గేది ఎవరు?"

"షాపు మాస్టారు. ఆయన చచ్చిపోతాడులే. మొదటి సినిమాలో దండేసి ఆయన ఫొటోయే కదా గోడ మీద ఉండేది!"

తాతయ్య సీట్లో వెనక్కి వాలాడు.

కాసేపటికి అమ్మాయి వంతెన మీద ఇరుక్కుంది. కింద వరద. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"భయపడకు తాతయ్యా, ఆ అమ్మాయికేం కాదు. ఏమైనా అయితే తర్వాత మూడు సినిమాలెలా వస్తాయి?"

అన్నట్టే అమ్మాయి బతికింది. ఆమెని కాపాడబోయి మాస్టారు వరదలో పోయాడు. వెనక వరసలో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"చెప్పానా!" అంది కామెంటరీ గొప్పగా.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. తాతయ్య లేచాడు.

"మిగతాది నువ్వు చూసి రా తల్లీ. నేను బయట బెంచీ మీద కూర్చుంటా."

"ఎందుకు? నేను చెప్పేది వినపడట్లేదా?"

"బ్రహ్మాండంగా వినపడుతోంది. నేనోసారి రీళ్ళు తారుమారు చేశానే. చివరి రీలు ముందు వేసేశాను. సినిమా మొదలవగానే విలన్ చచ్చాడు, హీరో గెలిచాడు, పెళ్ళి కూడా అయిపోయింది! జనం ఊరుకుంటారా? ఒకటే ఈలలు, కేకలు. ఇవాళ నువ్వు చేసిందీ అదే."

"నేను ఉన్నదే చెప్పానుగా!"

"రాబోయేది చెప్పావమ్మా. మాస్టారు పోతాడని ముందే తెలిసిపోయింది. వెనకాయన హాయిగా ఏడుస్తుంటే నాకు ఏడుపే రాలేదు. రెండేళ్ళ తర్వాత సినిమాకొచ్చి ఏడవకుండా వెళ్ళాలా?"

కామెంటరీ మొహం చిన్నబోయింది. తాతయ్య కోసం వచ్చిన సినిమాని తానొక్కతే చూసేసింది. చాలా సిగ్గేసింది. కానీ ఆ పిల్ల అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు.

"ఇంకా సగం ఉంది తాతయ్యా. ఇప్పుడు తెర మీద ఉన్నదే చెబుతా. ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా నువ్వు లేచి వెళ్ళిపో."

"చూద్దాం నీ నోటి సంగతి," అంటూ తాతయ్య కూర్చున్నాడు.

రెండో సగంలో ఎర్రటోపీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. వాడి పేరు వినగానే కామెంటరీ నాలుక దురద పెట్టింది. మూడో సినిమాలో నగరం తగలబెట్టే విలన్ నల్లమంట వీడే! పెదాలు గట్టిగా బిగించింది.

"ఆ నవ్వేది ఎవరే?"

"ఎర్రటోపీ కుర్రాడు. వాళ్ళిద్దరూ పిట్టగోడ మీద కూర్చున్నారు. బన్ను విరిచాడు. పెద్ద ముక్క..." కామెంటరీ ఆగిపోయింది. "పెద్ద ముక్క ఆ అమ్మాయికే ఇచ్చాడు తాతయ్యా."

నల్లమంట ఇలాంటివాడా! వాడి మీద కామెంటరీకి ఏనాడూ జాలి కలగలేదు. ఇప్పుడు కలిగింది.

"మంచి పిల్లాడే. వీడు చివరిదాకా ఆ అమ్మాయితోనే ఉంటాడు కదూ?" అన్నాడు తాతయ్య.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కామెంటరీ దాన్ని మింగేసి తెర వైపు చూసింది.

"ఇప్పుడైతే పక్కనే ఉన్నాడు తాతయ్యా. నవ్వుతున్నాడు."