వంతెన అవతలి డిప్పర్

స్కాట్లండ్ కొండల నడుమ ఒక పాత రాతి వంతెన ఉన్నదట. ఒక్క బండి పట్టేంత వెడల్పు, అంతే. పొద్దుగూకినంక అక్కడోళ్లు సుత అటు దిక్కు పోరట. ఎన్నడో ఒక పాలవ్యాను అక్కడ వాగుల పడ్డది... డ్రైవర్ శవం సుత దొరకలే. అప్పటిసంది ఆ జాగకు చెడ్డ పేరు. ఈ ముచ్చట ముందే తెలిస్తే మా లాలాగూడ షాలేమ్ అటు స్టీరింగ్ తిప్పుతుండెనా? ఫోన్ల మ్యాపు దారి చెప్తది గని దయ్యాల సంగతి చెప్తదా!

పెండ్లయి ఇరవై ఐదేండ్లయిందని భార్య క్యారల్‌ను తీస్కపోయిండు. డ్రైవర్ ఎందుకు, కారు కిరాయికి తీసుకొని నేనే నడుపుతా అన్నడు. "రెజిమెంటల్ బజార్ గల్లీలల్ల నడిపినోనికి ఇదొక లెక్కనా?" అని గొప్పలు. నిజమే, అక్కడ సుత మన లెక్కనే ఎడమ దిక్కు నడుపుడు. గొర్లు, గుట్టలు, వాన... మస్తుగ తిరిగిండ్రు.

ఒకనాడు సాయంత్రం క్యారల్‌కు ఆయాసం షురూ అయింది. ఇన్‌హేలర్ నోట్ల పెట్టుకొని నొక్కితే— ఉత్త గాలి. కొత్తదేమో హోటల్ల మర్చిపోయొచ్చిండ్రు. దవాఖాన ఉన్న ఊరు ఆ వంతెన అవతలనే.

వంతెన కాడికి వచ్చేసరికి చిమ్మచీకటి. కారు ఎక్కించబోయిండు... అవతలి నుంచి రెండు లైట్లు— తళుక్కున వెలిగి ఆరినయి. మళ్లొకసారి.

షాలేమ్ బ్రేకు తొక్కిండు. మన దగ్గర ఎదురు బండోడు డిప్పర్ కొట్టిండంటే ఏందన్నట్టు? "నువ్వాగు, నేనొస్తున్న" అనేగద! ఆగకపోతే అద్దం పగులుడు ఖాయం. సరే, రానీ అని ఆగిండు.

అది రాలే.

కదులుదామంటే మళ్ల డిప్పర్. ఆగితే చీకటి. "ఏందిర నాయనా... రావు, పోనియ్యవు!" హారన్ కొట్టిండు. జవాబు లేదు. ఇంజన్ చప్పుడు సుత లేదు. వెనక్కి తిప్పుదామంటే ఇరుకు రోడ్డు, పక్కన లోయ. ఫోన్ల సిగ్నల్ లేదు.

"ఏమండీ..." క్యారల్ గొంతుల పిల్లికూతలు. "పోనియ్యండి... నాతోని అయితలేదు."

"వాడొస్తుండు క్యారల్. జెర ఓపిక పట్టు."

వస్తలేడని ఆయనకు తెలుసు. దిగి పోదామంటే ఆమె చెయ్యి ఇడుస్తలేదు. కట్టుకున్న మనిషి పక్కన ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఏం చెయ్యాల్నో తోచక, అంత పెద్ద మనిషి స్టీరింగ్ మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చిండు. "యేసయ్యా... యేసయ్యా..." ఎదురుంగ— డిప్పర్. డిప్పర్. డిప్పర్.

ఇగ ఏమైతే అదైతదని గేరేసిండు. అప్పుడే... పక్క అద్దం మీద టక్ టక్!

టార్చిలైటు పట్టుకున్న ముసలి రైతు. వెనక ఆయన ట్రక్కు.

"కదలకు," అన్నడాయన రొప్పుకుంట. "మధ్యాహ్నం వరదకు వంతెన నడుమ కూలింది. అడ్డం పెట్టనీకే వచ్చిన."

ఆ ముసలాయనే ఇద్దర్ని తన బండిల ఎక్కించుకొని, రివర్సుల వెనక్కి తీసి, చుట్టు దారిన దవాఖానకు ఉరికించిండు. మాస్కు పెట్టినంక కొద్దిసేపటికి ఆమె మొఖంల కళ వచ్చింది. షాలేమ్‌కు పానం లేచొచ్చింది.

బయట బెంచీ మీద కూసోని ఇద్దరు చాయ్ తాగుతుంటే, షాలేమ్ ఆయన చెయ్యి పట్టుకున్నడు. "అవతల లైట్లు కొట్టినాయన ఎవరో... ఆయనకు సుత దండం పెట్టాలె."

"అవతల ఎవరుంటరు? అటు దిక్కు రోడ్డు సుత కొట్టుకపోయింది. బండి నిలవనీకి జాగనే లేదు."

షాలేమ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అయితే దేవదూతనే! సికింద్రాబాద్ పోయినంక చర్చిల నిలబడి సాక్ష్యం చెప్తా. అట్ల లైట్లు కొట్టి, మమ్మల్ని ఆపి..."

రైతు చాయ్ తాగుతున్నోడల్ల ఆగి, షాలేమ్ మొఖంలకు చూసిండు.

"ఆపుడేందయ్యా?" అన్నడు మెల్లగ. "మా దగ్గర ఇరుకు వంతెన కాడ లైట్లు కొట్టినరంటే... 'నేనాగిన, నువ్వు రా' అని."