మార్పులకు వీల్లేదు

అది 2071 మార్చి తొమ్మిది. ఆ ఉదయం ఆసుపత్రిలో వకుళ మూడు చెంచాల పెసరకట్టు తాగింది. తర్వాత తన పరిశోధనలో దొర్లిన తప్పుకు సవరణ చెప్పింది. భర్త పురంధర్ రాసుకున్నాడు. ఫ్లోరైడ్‌ను వడకట్టే కుండలో మట్టిని తొంభై రోజులకు కాదు, నలభై రోజులకే మార్చాలి.

మూడేళ్ల తర్వాత హైదరాబాదులో అతని వంటగదిలో, ఆ కుండల నీళ్లే తాగే ఒక ఊరి నుంచి వచ్చిన సైదమ్మ కూర్చుంది. పక్కగదిలో ఆమె ఏడేళ్ల కూతురు నిద్రపోతోంది. పిల్ల మోకాళ్లు రెండూ లోపలికి వంగిపోయాయి. పొద్దున్నే ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"కుండ మీద మేడమ్ పేరుండె. ఎర్రలైటు వెలిగితేనే మట్టి మార్చినం సార్. తొంభై దినాలకోసారి వెలిగేది."

పరిశోధకులందరూ తమ రచనలను బహిరంగ అనుమతితో వదిలే కాలమది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. రచయిత పేరు ఉంచితే చాలు. 'సమ్మేళిని' అనే యంత్రవ్యవస్థ ఆ రచనలన్నిటినీ కలిపి, కుండల మీది లైట్లతో సహా ప్రతి పనిముట్టుకూ కొత్త సూచనలు పంపేది.

"మేడమ్ తప్పు దిద్దిందని బడి సారు చదివి చూపిండు. మరి కుండకెందుకు తెల్వలే?"

పురంధర్ వడ్డిస్తున్న గరిటె దించాడు.

"నా వల్లే. సవరణ దాఖలు చేసేటప్పుడు, ఇతరులు మార్చవచ్చా అని ఫారంలో ఒక ప్రశ్న వచ్చింది. వద్దని నొక్కాను. అవి ఆవిడ చివరి మాటలు, ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోకూడదనుకున్నాను. తను నన్ను నమ్మి, చదవకుండానే సంతకంగా వేలు పెట్టి నాడిముద్ర వేసింది. వేరేవాటితో కలపడమూ మార్చడం కిందే లెక్కట. సమ్మేళిని దాన్ని పక్కన పెట్టేసింది."

"ఇప్పుడు తీసెయ్యరాదా?"

"రచయిత నాడి కొట్టుకుంటుంటేనే అనుమతి మారుతుందమ్మా. పోయినేడాది సంగతి తెలిసి, సమ్మేళినిని నడిపే సంఘానికి పదకొండు ఉత్తరాలు రాశాను. రచయిత్రి నిర్ణయాన్ని గౌరవిస్తున్నామని పదకొండు జవాబులొచ్చాయి."

సైదమ్మ చేతిలో ముద్దను కంచంలోనే వదిలేసింది.

"మాకు ఒక్కటి రాయకపోతిరి."

"వకుళ పేరు చెడుతుందని..." అని ఆగిపోయాడు.

"ఇట్ల కుండలున్న ఊర్లు ఇంకెన్ని?"

"రెండు వందల పన్నెండు."

ఆమె అన్నం గిన్నె అతని వైపు జరిపింది. "తినున్రి, చల్లగైతది. పొద్దుగాల కాయితాలు తీసి పెట్టున్రి. దవాఖానకు పోయేలోపల కొన్ని ఊర్లకన్న రాద్దం."

భోజనాలయ్యాక అతను పిల్ల కోసం దుప్పటి తెచ్చాడు. సైదమ్మ గడప దగ్గరే నిలబడి అందుకుంది. పిల్లను ఒక్కసారి చూడాలని అతను మెడ చాచాడు.

ఆమె పక్కకు జరగలేదు. చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.