ఇద్దరికీ ఒకే నంబరు

ఆఫీసులో ఆమెని అందరూ జిగురమ్మ అనేవారు. మనుషులకి అంటుకుపోయే రకమేం కాదు, చేసే ఉద్యోగం అలాంటిది. ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లకి సరైన పాటే దొరకాలంటే ప్రతి పాటకీ ఒక నంబరు, పాడినవాళ్లకి ఒక నంబరు ఉండాలి. ఒకే గాయని పొరపాటున రెండు నంబర్లతో నమోదైతే ఆ రెండింటినీ కలిపి ఒకటి చెయ్యడం జిగురమ్మ పని. కలిపేముందు రెండు వైపులా ఉన్న పాటలు వినాలని అక్కడ నియమం. ఆ నియమం పెట్టిన సూపర్‌వైజరు మాత్రం ఒక్క పాటా వినేవాడు కాదు. అందరూ చాటుగా నవ్వుకునేవారు.

ఆ శుక్రవారం జిగురమ్మ ముందుకి వచ్చింది సొంత చెల్లెలి పేరే. చెల్లెలి మొదటి పాట అప్పుడే విడుదలైంది. గొంతు తప్ప వేరే ఆస్తి లేని పిల్ల. "అక్కా, నా పేరు కొడితే రెండు పేజీలొస్తున్నాయి. జనం ఆ రెండోదాంట్లోకి పోతున్నారు. మీ ఆఫీసే కదా, కాస్త చూడవూ," అని చెవిలో జోరీగలా పోరు పెడుతోంది. రెండో పేజీలో ఫొటో లేదు, పుట్టిన ఏడాది లేదు, ఉన్నది ఒకే ఒక్క పాట రికార్డు. చెల్లెలి పేరునే ఎవరో రెండోసారి ఎక్కించి ఉంటారనుకుంది. ఇంటికెళ్లే తొందరలో వినకుండానే మీట నొక్కేసింది. ఇద్దరికీ ఒకే నంబరైంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఏదో కంపు మొదలైంది. బీరువా వెనక ఎలుక చచ్చిందేమో అనుకుంది జిగురమ్మ. బీరువా జరిపింది. స్టవ్ కింద చూసింది. తూములో ఫినాయిలు గుమ్మరించింది. ఎంత కడిగినా వాసన పోలేదు సరికదా, దానిలో ఒక తీపి కూడా కలిసింది. పండు కుళ్లి రసం కారేటప్పుడు వచ్చే తీపి.

"అక్కా," అని పిలిచింది చెల్లెలు, వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆ కంపు చెల్లెలి నోట్లోంచి వస్తోంది.

"గొంతులో ఏదో అడ్డం పడిందక్కా. పొద్దుట్నుంచీ దిగట్లేదు."

చెల్లెలు వాష్‌బేసిన్ మీదికి వంగి దగ్గింది. పచ్చని కఫం పడింది. పెదవి నుంచి బేసిన్ దాకా తీగలా సాగింది, తెగలేదు. చెల్లెలు వేళ్లతో లాగి తెంపుకుంది. ఆ జిగటలో ఏదో టక్కున మోగింది.

పన్ను. గోధుమరంగు పన్ను. మొదట్లో పంటి చిగురు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"నీదా?"

చెల్లెలు నాలుకతో తడుముకుని తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచి చూపించింది. తన పళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, తెల్లగా. వాటి వెనక, నాలుక మొదట్లో... ఇంకో నాలుక. బూడిదరంగుది, పాచి పట్టినది. మెల్లగా కదిలింది.

జిగురమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన చెల్లెలు. దాని మొహం చూడాలంటేనే అసహ్యమేసింది. అసహ్యమేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"పాడి చూడు," అంది, ముక్కు మూసుకుని.

చెల్లెలు తన పాటే ఎత్తుకుంది. వచ్చింది ముసలి గొంతు. పదానికీ పదానికీ మధ్య చొంగ జుర్రుకుంటున్న చప్పుడు. చెల్లెలి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ పాట ఆగట్లేదు.

నిన్న వినని ఆ రికార్డు అప్పుడు గుర్తొచ్చింది జిగురమ్మకి. లాప్‌టాప్ తెరిచి దాన్ని మోగించింది. అదే గొంతు... అదే జుర్రుడు. వెంటనే సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది.

"ఆ పేజీని కలిపేశావా?" అన్నాడు ఆయన. "ఆవిడ అదే పేరున్న ఇంకో గాయని, ఎప్పుడో పోయిందమ్మా. గొంతు పుచ్చి పోయింది. ఆ పేజీని కావాలనే విడిగా ఉంచాను."

"ఎందుకు సార్?"

"ఆ ఒక్కటీ విన్నాను. ఆ తర్వాత ఇంకేదీ వినబుద్ధి కాలేదు. విడదీసెయ్. ఇప్పుడే."

వెనకాల చెల్లెలికి ఊపిరాడట్లేదు. బేసిన్‌లో ఒకదాని మీద ఒకటి పళ్లు రాలుతున్నాయి. టక్. టక్. జిగురమ్మ తిరిగి చూడలేదు. చెల్లెలి పాట చెల్లెలి వైపు జరిపింది. ఆ రికార్డుని అటు వైపు జరిపింది. నొక్కింది.

నిశ్శబ్దం.

చెల్లెలు ఉమ్మింది. మామూలు ఉమ్మి. నోరు పుక్కిలించి, బెరుగ్గా ఒక ముక్క పాడింది. తన గొంతే. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. కిటికీలన్నీ బార్లా తెరిచారు. చెల్లెలు తల దువ్వుకోడానికి మంచం మీద కూర్చుంది.

జిగురమ్మ లాప్‌టాప్ మూయబోతూ ఆ ముసలిదాని పేజీ చూసింది. విడదీసేటప్పుడు పాటలే చేత్తో పంచాలి, పేజీలో రాసిన బంధుత్వాలన్నీ రెండు పేజీల్లోకీ వాటంతటవే పోతాయి. తెలిసిన సంగతే, ఆ కంగారులో తట్టలేదు. చెల్లెలు ముచ్చటపడి తన పేజీలో అక్క పేరు రాయించుకుంది. ఇప్పుడు అది ఇక్కడా ఉంది. 'అక్క' అన్నచోట జిగురమ్మ పేరు.

గబగబా తుడిచేసింది. పోయింది. పేజీ మళ్లీ తెరిచి చూసుకుంది. లేదు.

బాత్‌రూములో కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"అక్కా..." తడి గొంతు. బతిమాలుతున్నట్టు లేదు. ఏళ్ల తరబడి ఈ ఇంట్లోనే ఉంటున్న మనిషి విసుగులా ఉంది. "తువ్వాలు మర్చిపోయాను. ఇటివ్వు."

తలుపు కిందనుంచి ఏదో బయటికొస్తోంది. నీళ్లలా పారట్లేదు... సాగుతోంది.

జిగురమ్మ చెల్లెలి వంక చూసింది. చెల్లెలు ఉలిక్కిపడలేదు. దువ్వెన ఆపనైనా ఆపలేదు.

"ఇచ్చి రా అక్కా," అంది. "పాపం, ఎంతసేపని తడిగా నిలబడుతుంది?"