గుటక మింగొద్దు

పళ్ళికొండలో పెళ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల తండ్రి రెండుసార్లు పిలిచినా దినకర్ పలకలేదు. టీవీ అంత గోలగా మోగుతోంది మరి. గుడియాత్తం పవర్‌లూము మగ్గాల మోతలో ఎనిమిదేళ్లు పనిచేసినవాడు, చెవుడే అని ఆ ఇంటివాళ్లు తేల్చేశారు. తేల్చి ఊరుకున్నారా, ఊరూరా చెప్పారు. ఆపైన ఒక్క సంబంధమూ రాలేదు. డాక్టరు కాగితం తెచ్చి వాళ్ల ముఖాన పెట్టాలని దినకర్ పంతం పట్టాడు.

వేలూరులో చిన్న చెవి క్లినిక్కు. పరీక్ష చేసేది హేమప్రియ. అతను ఫోనులో వాళ్లమ్మతో తెలుగులో మాట్లాడడం వింది కాబట్టి తమిళం మాని తెలుగులోనే చెప్పింది.

"కదలకుండా కూర్చోండి. చెవిలోకి శబ్దం పంపిస్తా. లోపల బాగుంటే చెవే తిరిగి పలుకుతాది, దాన్ని ఈ మిషన్ వింటాది."

"మీరూ మనోళ్లేనా?"

"మాది కనియంబాడి. మాట్లాడొద్దు."

రబ్బరు బిరడా పెట్టడానికి ఆమె దగ్గరగా వంగింది. జుంకీ అతని చెంపకు తగిలింది. మిషన్ ఫెయిలంది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఫెయిల్.

దినకర్ ముఖం పాలిపోయింది. "అయితే వాళ్లు చెప్పిందే నిజమా?"

"ఒక్కరోజు పరీక్షను నమ్మకూడదు. ఇంకోరోజు చేసినా అదే జవాబు రావాలి. మంగళవారం రాండి."

మంగళవారం ఆమె రావడం ఆలస్యమైంది. ఆ క్లినిక్కు నడిపే పెద్దాయన మోహన్‌రాజ్ పరీక్ష చేశాడు. రెండు చెవులూ పాస్. అప్పుడే వచ్చిన హేమప్రియ నమ్మక తానే మళ్లీ పెట్టింది. ఫెయిల్.

"మిషన్ చెడిపోయిందా సార్?" అన్నాడు దినకర్.

మోహన్‌రాజ్ తెరను చూశాడు, తర్వాత వాళ్లిద్దరినీ చూశాడు.

"మిషన్ బాగానే ఉండాది నాయనా. ఈయమ్మ వంగినప్పుడల్లా నువ్వు గుటక మింగతా ఉండావు. ఆ చప్పుడులో చెవి మాట యాడ వినపడతాది?"

హేమప్రియ చెవులు ఎర్రబడ్డాయి.

"గుటక మింగొద్దు," అంది కోపంగా.

"మీరు వంగొద్దు."

ఆమె బిరడా పెట్టేసి, గోడవైపు తిరిగి నిలబడింది. పాస్. ఇంకోసారి. పాస్.

కాగితం చేతికిస్తూ అంది: "తీసకపోయి పళ్ళికొండలో చూపించండి."

"వాళ్లకెందుకు? చెవుడని ఊరంతా చాటినోళ్ల గడప నేను తొక్కను."

"మరెవరికి?"

"కనియంబాడిలో మీ నాయనకి. మీరు ఊ అంటే."

ఆమె కాగితాలు సర్దుకుంటూ గది ఆ చివరికి పోయింది. అక్కడ నిలబడి, వెనక్కి తిరక్కుండా, పెదవులు కదిపీ కదపనట్టు అంది:

"ఆదివారం ఇంట్లోనే ఉంటాడు."

దినకర్ పక్కనే ఉన్న మోహన్‌రాజ్‌కే ఆ మాట వినపడలేదు.

"వస్తా," అని ఒక్కసారికే పలికాడు దినకర్.