ఓడ్వార్ ఆదివారం షికారు

పైన్ అడవిని ఆనుకుని చిట్టచివరి ఇల్లు. ఇంటికేం చెడ్డపేరు లేదు, ఉన్నదంతా దాని గ్యారేజీకే. ఆదివారం మసక పడే వేళకి దాని తలుపు దానంతటదే పైకి లేస్తుందట! పాత యజమాని ఓడ్వార్ ఓ ఆదివారం స్కీ బద్దలు కట్టుకుని మంచులోకి పోయి, దారి తప్పి, మళ్ళీ ప్రాణంతో రాలేదు. అయినా షికారు మాత్రం మానలేదని ఊళ్ళో చెప్పుకునేవారు.

"చచ్చినవాడికి తలుపెందుకు?" అని నవ్వేసి, స్టైనార్ ఆ ఇల్లు కొన్నాడు.

మొదటి ఆదివారం భార్య యోరున్‌తో షికారుకెళ్ళి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. "గాలి" అన్నాడు. రెండో ఆదివారమూ అంతే. "తుప్పు" అని ఇరుసులకి గ్రీజు దట్టించాడు.

మూడో ఆదివారం... షికారు ముగించుకుని, బద్దలు భుజాన వేసుకుని ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. తలుపు మూసే ఉంది. హమ్మయ్య అనుకున్నారు. సన్నగా ఓ గాలి వీచింది — అంతే! తలుపు కింది అంచు జానెడు లేచింది... మూరెడు... చప్పుడన్నది లేకుండా పూర్తిగా పైకి పోయింది.

"భలే రిపేరు చేశావయ్యా," యోరున్ గుసగుసలాడింది. "పాపం, ఆయనకి కీచుమనే బాధ కూడా లేకుండా చేశావు."

వేళాకోళమే గానీ, గ్యారేజీ వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. "వచ్చే ఆదివారం కూడా లేచిందా... నేను మా అక్క దగ్గరికి పోతాను. ఇల్లు అమ్ముకుని నువ్వూ రా."

ఆ ఇల్లంటే స్టైనార్‌కి ప్రాణం.

మర్నాడు పని నుంచి రాగానే తలుపెత్తి, కింద గట్టి దుంగ ఆనించి, దాన్ని పైకి లాగే స్ప్రింగులు చూశాడు. బాగానే ఉన్నాయి. దుంగ తీసి తలుపు దించాడు. ఆగింది. స్కీ బద్దలు, బూట్ల సంచులు తలుపు లోపలివైపు మేకులకే తగిలిస్తారు ఆ ఇంట్లో, ఓడ్వార్ నాటి అలవాటు. ఏదో తోచి వాటిని దించాడు... తలుపు మెల్లగా లేచింది. దాన్ని దించి, మళ్ళీ తగిలించాడు... ఆగింది.

"యోరున్! దెయ్యం కాదే, తూకం!" అని అరిచాడు. "ముసలాయన ఈ బరువుకి సరిపడా స్ప్రింగులు బిగించుకున్నాడు. ఆదివారం మనం సామానంతా తీసుకుపోతాం, తలుపు తేలికవుతుంది. గడియ అరిగిపోయింది, ఇంకేం పట్టుకుంటుంది?"

"అబ్బో! మూడు వారాలు పట్టింది మా ఇంజినీరుకి."

మళ్ళీ తలుపెత్తి, దుంగ ఆనించి, రెండు స్ప్రింగుల కొక్కేలూ ఒక్కో కంత వదులుకి మార్చాడు. గ్యారేజీలో ఓ మూల గోడ మేకులకి ఓడ్వార్ పాత చెక్క బద్దలు వేలాడుతున్నాయి — శవంతో పాటు కొండ మీంచి తెచ్చినవి. వాటిని ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆదివారం తమ బద్దలూ సంచులూ తీసి, తలుపు దించి, ఇద్దరూ వాకిట్లో నిలబడ్డారు. మసక పడింది. గాలి వీచింది. తలుపు కదల్లేదు. అయిదు నిమిషాలు... పది...

"ఇప్పుడేమంటావ్?" స్టైనార్ ఛాతీ విరుచుకున్నాడు.

టక్... టక్...

లోపల్నుంచి — మొహమాటపడుతూ — ఎవరో తలుపు తడుతున్నారు.

యోరున్ స్టైనార్ మోచెయ్యి పట్టుకుంది. "చూశావా... ఆయన దారి మూసేశావు."

"నేను తియ్యను."

"తియ్యవయ్యా! చీకటి పడితే మళ్ళీ దారి తప్పుతాడు." ఆ గొంతులో భయం లేదు. ఆమెకి నిజంగానే జాలేసింది.

స్టైనార్ తలుపెత్తాడు. లోపల పురుగు కూడా లేదు. చల్లటి గాలి ఒకటి ఇద్దరి మధ్య నుంచి మర్యాదగా తప్పుకుని పోయింది. మూలనున్న మేకులు ఖాళీగా ఉన్నాయి.

ఇద్దరూ అడవి వైపు చూశారు.

"మా అక్కకి రానని చెప్పేస్తాలే," అంది యోరున్. "నువ్వు ఆ కొక్కేలు మళ్ళీ పాత కంతల్లోకి మార్చు... పెద్దాయన తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉండాలి."