గవ్వలపేట పొయ్యిసంఖ్య

తీరంలో ముప్పై ఆరో ఖండం దగ్గర తనిఖీ అధికారి వారిజ చేతిలోని పలక మీద బొటనవేలు ఆనించింది. పలక ఆకుపచ్చగా వెలిగింది. "నీలాలపాలెం. పొయ్యిసంఖ్య నూట పన్నెండు. నిలుపు." ఊళ్లో ఉన్నవి అరవై ఇళ్లే. అరవై ఇళ్లలో నూట పన్నెండు పొయ్యిలు ఎందుకు మండుతున్నాయని లెక్కలు కట్టే యంత్రం, తీరసూత్రం, అడగదు. ఆకాశంలోంచి మంటల్ని పసిగట్టే దాని వేడికళ్లు పొయ్యిల్ని లెక్కపెడతాయి, సంఖ్య పెద్దదైతే అది ఊరి ముందు అలల్ని ఆపే మడచెట్ల కట్టు మందం పెంచుతుంది. దానికి తెలిసిన విద్య అంతే.

ముప్పై ఏడో ఖండం గవ్వలపేట. పొయ్యిసంఖ్య సున్నా. నిర్ణయం విడుపు.

విడుపంటే ఊరిని వదిలేయడం. కాగితాల మీద మాత్రం దాన్ని తీర పునరుద్ధరణ అంటారు. నాలుగింటికి ఖండాలన్నిటికీ వేలిముద్రలు పడి మూసుకోగానే, పొద్దున్నుంచీ ఒడ్డుకు కాస్త దూరంలో రొద పెడుతున్న పూడికనావలు వచ్చి ఇళ్ల మీద బురద పోస్తాయి. ఆ బురదలో మడ మొక్కలు నాటుతారు. వెనకున్న ఓడరేవు అలల దెబ్బ తగలకుండా చల్లగా ఉంటుంది. తుపాను వెలిసి తొమ్మిది రోజులే అయింది. కప్పులు వేయించడానికి లేని తొందర ఈ పనికి మాత్రం ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది.

వారిజ ఊళ్లోకి నడిచింది. ముప్పై ఎనిమిది ఇళ్లు. సగం ఇళ్లకు కప్పుల్లేవు, మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. మగాళ్లు చిరిగిన వలలు కుడుతున్నారు. నీలాలపాలెం ఆడవాళ్లు నెత్తిన మోసుకొచ్చిన గంజి బిందెల దగ్గర ముసలీ ముతకా గిన్నెలతో నిలబడ్డారు. నూట పన్నెండు పొయ్యిలు ఎవరి కోసం మండాయో వారిజకి అప్పుడు అర్థమైంది. గవ్వలపేట అన్నం పక్క ఊళ్లో ఉడుకుతోంది.

ఊరి చివరి ఇంటి వాకిట్లో ఒక ముసలామె సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. పేరు గరికిన పోలమ్మ అని ఎవరో చెప్పారు.

"పోలమ్మగారూ, ఊళ్లో ఒక్క పొయ్యీ వెలగలేదేమండీ?"

"నా కొడుకు నూకరాజు సేపల ఏటనుంచి రానేదు తల్లీ. తుపానని మైకులో సెప్పేసరికే ఆడి తెప్ప నడి సంద్రంలో ఉంది. మడిసి నీట్లో ఉండిపోతే తుపాను ఎలిసిన కాడ్నుంచి పదకొండు రోజులు ఊరంతా పొయ్యి ఎలిగించం. ఎలిగించినామంటే, ఇంక ఆడు రాడని మేమే సెప్పీసినట్టు. ముందు నాను ఎలిగించాల, ఆ తరవాతే మిగతా ఇళ్లోళ్లు."

వారిజకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఎనిమిదేళ్ల క్రితం రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని తీరసూత్రం రాసేటప్పుడు, 'పొయ్యి వెలిగే చోటే ఊరు' అన్నది తనే. తుపానులో ఫోన్లు చచ్చిపోతాయి, జాబితాల్లో చచ్చినవాళ్లు బతికుంటారు, పొయ్యి మాత్రం అబద్ధం చెప్పదు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తీరంలో ఒక్క ఇంటి గుమ్మం తొక్కి అడిగిన పాపాన పోలేదు.

పై అధికారి పతంజలికి ఫోన్ చేసింది.

"సార్, ముప్పై ఏడులో జనం ఉన్నారు. నా కళ్లతో చూస్తున్నాను."

"కంటిచూపు రాయడానికి పలకలో గడి లేదమ్మా. మనిషి చూపులో పక్షపాతం ఉంటుంది, ఆ గడి తీసేయమన్నది నువ్వే కదా."

"ఎల్లుండికి పొయ్యిలు వెలుగుతాయి సార్. రెండు రోజులు ఆపండి."

"తొంభై ఖండాలూ ఒకేసారి మూసుకోవాలి. ఒక్కటి తెరిచి ఉన్నా ఏ నావా పని మొదలుపెట్టదు. ఇరవై పొయ్యిలు చూపించు, లేదా వేలు పెట్టు. మూడున్నర అయింది."

వారిజ ఉన్నదున్నట్టు పోలమ్మకి చెప్పింది. చెబుతున్నంతసేపూ ముసలామె సముద్రం మీదనుంచి కళ్లు తిప్పలేదు.

"మీ మిసనుకి మంట కనపడతాది గానీ మడిసి కనపడడేటమ్మా?"



పోలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. పొయ్యిలో ఇసక చేత్తో తోడేసి, సరుగుడు పుల్లలు పేర్చి, బొడ్లోంచి అగ్గిపెట్టె తీసింది.

"ముప్పై ఎనిమిది కొంపలు. నా కొడుకొక్కడి కోసం అందర్నీ ముంచీమంతానా?"

మొదటి పుల్ల చెమ్మకి విరిగిపోయింది. రెండోది తీసింది. వారిజకి ముందు హమ్మయ్య అనిపించింది. ఊరు నిలబడుతుంది, తన తప్పు బయటపడదు. ఆ హమ్మయ్య అనుకున్నందుకే ఒళ్లు మండింది. ఒక తల్లి చేత కొడుక్కి నీళ్లు వదిలించి తను ఇంటికెళ్లి నిద్రపోవాలన్నమాట.

వంగి ముసలామె చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. వెలిగించకండి."

పలక మోగింది. "ముప్పై ఏడో ఖండం. ధ్రువీకరించండి." కాదనడానికి దాని మీద చోటు లేదు. ఎనిమిదేళ్లలో కాదన్నవాళ్లు లేరు కాబట్టి ఆ గడి ఎవరూ పెట్టలేదు. తన బదులు మరో వేలు రావాలంటే కొత్త ఉత్తర్వు కావాలి. ఫైలు మూడు బల్లలు దాటాలి, ఎంత పరిగెత్తించినా మూడు రోజులు. ఆ జాప్యాన్ని వారిజ ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

పలకని అరుగు మీద బోర్లించి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నాలుగు దాటింది. దూరంగా ఒక నావ రొద ఆగింది. తర్వాత దాని పక్కది, ఆ తర్వాత ఉత్తరాన ఇంకొకటి. తీరం పొడవునా అన్నీ ఆగిపోయాయి. పొద్దున్నుంచి మొదటిసారి అలల చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఏటమ్మా, ఆ సప్పుడాగిపోనాది?"

"మూడు రోజులదాకా రావు. ఈలోపు మీ పదకొండు రోజులూ నిండుతాయి."

"నీకేటీ కాదా?"

"ఉద్యోగం పోతుంది."

పోలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. అగ్గిపెట్టె మళ్లీ బొడ్లో దోపుకుని, అరుగు మీద కాస్త పక్కకి జరిగింది.

"అయితే ఇటొచ్చి కూకో తల్లీ. ఇక్కడికైతే సంద్రం బాగా కనపడతాది."